ఏ సెంటరండీ?

మా గుంటూరు వైపు నాలుగు రోడ్లు కలిసిన చోటు సెంటర్. మూడు కలిసినా సెంటరే. మా ఊళ్ళో అయితే ఒక రోడ్డుకి అడ్డంగా ఒక డొంక తగులుతుంది, అదీ సెంటరే. అక్కడో టీ బంకు, రెండు విగ్రహాలు, ఒకే పేపర్ని నాలుగు ముక్కలుగా పంచుకుని చదివే నలుగురు మనుషులు. "సెంటర్లోకెళ్ళొస్తా" అంటే ఇంట్లో ఎవరూ ఎందుకని అడగరు. అడిగినా చెప్పడానికేమీ ఉండదు.

వృత్తానికి కేంద్రం ఒక్కటేనని మా లెక్కల మాస్టారు నెత్తిన మొట్టి మరీ చెప్పారు. కాలేజీకని గుంటూరు వెళ్తే లాడ్జి సెంటర్, నాజ్ సెంటర్, శంకర్ విలాస్ సెంటర్, హిమని సెంటర్! ఊరికి అంచెక్కడుందో తెలీదు గానీ, అడుగడుగునా నడిమధ్యే. ఆ మొట్టికాయ దండగని అప్పుడర్థమైంది.

1992లో బ్యాంకులో ఉద్యోగమొచ్చి విశాఖపట్నం వేశారు. దిగీ దిగగానే ఆటో ఎక్కి, "సెంటర్‌కి పోనియ్ బాబూ" అన్నాను.

"ఏ సెంటరండీ? టైపు సెంటరా, ట్యూషన్ సెంటరా?"

"నాలుగు రోడ్లు కలిసేచోటయ్యా!"

"జంక్షనా! అలా చెప్పాలి గదేటండీ."

నాకు తెలిసిన జంక్షన్లో రైలు అరగంట ఆగుతుంది, ఇంజను మారుతుంది, చల్లారిన ఇడ్లీ దొరుకుతుంది. జగదాంబ జంక్షన్లో దిగితే రైలూ లేదు, పట్టాలూ లేవు. ఉన్నది సినిమా హాలు. ఎన్ఏడీ జంక్షన్ పేరులో ఉన్నది నేవీవాళ్ళ ఆయుధాల డిపో. "రైలు రాని జంక్షనేంటండీ మీ ఊళ్ళో" అని ఆఫీసులో వెటకారమాడాను. పక్క సీటాయన లెడ్జరులోంచి తల ఎత్తకుండా, "మరి మీ వైపు హనుమాన్ జంక్షన్లో ఏ పట్టాలు కలుస్తాయండీ?" అన్నాడు. నిజమే. కృష్ణా జిల్లాలో విజయవాడ, ఏలూరు రోడ్డుని నూజివీడు రోడ్డు కోసుకునే చోటది. ఆ కలిసిన చోటే ఊరైపోయింది, తర్వాత 2001లో ఆ పేరుతో సినిమా కూడా వచ్చింది. ఆ రోజు మాత్రం ఆయన టీ డబ్బులు నేనిచ్చాను.

అక్కణ్ణించి హన్మకొండ. అక్కడ చౌరస్తా. ఈ మాటలో మోసం లేదు. చౌ అంటే నాలుగు, రస్తా అంటే దారి, లెక్కపెట్టుకుంటే సరిపోతుంది. మోసమల్లా నా నోట్లో ఉంది. ఒకరోజు పొద్దున్నే ఏడింటికి, లుంగీ మీద, చేతిలో టిఫిన్ క్యారేజీతో ఇడ్లీల కోసం వెళ్ళి నిలబడ్డాను. కూలీలు పనికోసం చేరే అడ్డా అదేనని నాకు తెలీదు. అవతల ఎస్టీడీ బూత్‌లోంచి ఫోను చేస్తే మా బావమరిది దొరికాడు. వాడికి వినపడాలని, "నేను సెంటర్లోనే ఉన్నా! సెంటర్లో!" అని అరిచాను.

బయటికి రాగానే ఒక మేస్త్రీ భుజమ్మీద చెయ్యేశాడు.

"అన్నా, సెంట్రింగ్ చేస్తవా? రోజుకెంత?"

నేను నోరు తెరిచేలోపు నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. పొట్ట దగ్గర కాసేపు ఆగాడు.

"నువ్వొద్దు గానీ, నీ ఎంట ఇంకెవలన్న ఉన్నరా?"

బ్యాంకు పరీక్ష మొదటిసారికే పాసైనవాణ్ణి. ఇక్కడ తప్పాను.

అనంతపురం సంగతి పెద్దగా చెప్పను. "సర్కిల్ కాడికి వచ్చేయ్ సార్" అన్నారు సప్తగిరి సర్కిల్‌ని ఉద్దేశించి. మా వైపు సర్కిలంటే సీఐ గారు. తిన్నగా స్టేషనుకెళ్ళి బల్ల మీద కూర్చున్నాను. "యేం కేసు?" అని రైటరు అడిగేదాకా, మనవాళ్ళింకా రాలేదేంటా అనుకుంటున్నాను. అన్నట్టు, సెంటర్లకి పుట్టిల్లయిన విజయవాడలో బెంజ్ దగ్గర మాత్రం సర్కిలే. అదెలా జొరబడిందో!

రిటైరయ్యాక భాషాభిమానం ముదిరింది. పేపర్లవాళ్ళు ఎప్పుడూ "ప్రధాన కూడలిలో మానవహారం" అనే రాస్తారు కదా, నాలుగు జిల్లాలకీ కలిపి ఇంత చక్కటి మాట ఉండగా ఈ గొడవంతా ఎందుకని, ఆటో ఎక్కి, "కూడలికి పోనియ్" అన్నాను.

"కొత్త వెంచరా సార్? గజమెంతుంది?"

ఇప్పుడు మావాడు ఇంకో మాట నేర్పాడు, లొకేషన్. ఒకప్పుడు సినిమావాళ్ళ మాటది. హీరోయిన్ చీర ఎగరేసే కొండలూ లోయలూ లొకేషన్లు. ఇప్పుడు పాలప్యాకెట్ తెచ్చే కుర్రాడు కూడా అదే పంపమంటాడు. మొన్న మా ఊరెళ్ళి, చిన్ననాటి స్నేహితుడికి నేనూ గొప్పగా లొకేషన్ పెట్టాను. రెండు నిమిషాల్లో ఫోను.

"ఒరేయ్, ఈ నీలం చుక్కేంటో నాకు తెలవదు గానీ, సెంటర్లోకొచ్చెయ్. టీ చెప్పా."