పిలుపు మాది, బిల్లు మీది

"రేపు విద్యాసంస్థల బంద్" అని రాత్రి పదింటికి వాట్సాప్‌లో కబురొస్తుంది. తెల్లారేసరికి ధవళేశ్వరం కుర్రకారులో సగానికి ఉద్యమస్ఫూర్తి, మిగతా సగానికి నిద్ర. రాజమండ్రి వెళ్ళే కాలేజీ బస్సులు రావు. కొందరు బ్యారేజీ మీదికి సెల్ఫీలకి వెళతారు. పదింటికల్లా జెండా కట్టిన బైకులు సర్కారు బడి ముందు ఆగుతాయి. నాలుగు నినాదాలు, ఒక లాంగ్ బెల్, పిల్లలు సంచులు భుజాన వేసుకుని రోడ్డు మీదికి. హెడ్మాస్టరుగారు ఎదురు చెప్పరు. "మీ పని మీరు కానివ్వండి బాబూ" అని కుర్చీలో కూచుంటారు. ఆ పూట బడిలో మధ్యాహ్న భోజనం ఉండదు.

అవే బైకులు కార్పొరేట్ కాలేజీకి వెళ్ళేసరికి గేటుకి తాళం వేలాడుతూ ఉంటుంది. వాచ్‌మన్ చేతులు కట్టుకుని, "ఇవాళ సెలవండీ, ఆయ్" అంటాడు. మూడో అంతస్తులో కిటికీ రెక్కలు మూసి, వెనక మెట్ల మీంచి వచ్చిన జేఈఈ బ్యాచికి ఫిజిక్సు నడుస్తూ ఉంటుంది. ఆ సంగతి వాచ్‌మన్‌కి తెలుసు, బైకుల వాళ్ళకీ తెలుసు. గేటు ముందు ఫొటో దిగుతారు. మర్నాడు జిల్లా పేజీలో "బంద్ సంపూర్ణం" అని వార్త. అన్నం పోయినవాడు పోరాడినవాళ్ళ లెక్కలోకి వస్తాడు, క్లాసు విన్నవాడు ర్యాంకుల లెక్కలోకి వస్తాడు.

బహిష్కారం చెడ్డదని కాదు. స్వాతంత్ర్యం తెచ్చుకున్న దేశంలో ఆ మాట అనడానికి నోరు రాదు. కానీ చదువుల్ని బహిష్కరించమనే పెద్దమనుషుల్నీ, చదువులకి స్వేచ్ఛ కావాలని గుండెలు బాదుకునే పెద్దమనుషుల్నీ ఒకే ప్రశ్న అడగాలి. బిల్లు ఎవరు కడుతున్నారండీ?

ఈ ప్రశ్న ధవళేశ్వరానికి కొత్తేమీ కాదు. కందుకూరి వీరేశలింగం ఇక్కడి బడిలో ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లోనే, 1874లో, 'వివేకవర్ధని' మొదలుపెట్టారు. ఆ ఏడే ఆడపిల్లలకి బడి పెట్టారు. ఆడపిల్లలకి చదువేమిటని కొక్కొండ వెంకటరత్నం పంతులు తన 'ఆంధ్రభాషా సంజీవని'లో దుమ్మెత్తిపోశారు. పంతులుగారు వేళాకోళం చేస్తే వీరేశలింగం 'హాస్య సంజీవని' పెట్టి రెట్టింపు వేళాకోళం చేశారు. అది ఆరోగ్యకరమైన తగాదా. కాగితానికి కాగితం, సిరాకి సిరా, ఎవరి అచ్చుఖర్చు వాళ్ళది.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిగేసరికి తగాదా తీరు మారింది. ఈసారి జవాబు వ్యాసం కాదు, వెలి. పెళ్ళికి వంటవాళ్ళూ పురోహితులూ దొరకడమే గగనమైంది. శిష్యులూ కాలేజీ కుర్రాళ్ళూ అండగా నిలబడ్డారు గాని, పెళ్ళిలో చెయ్యి కడిగినవాళ్ళు చాలామంది తర్వాత ఒత్తిడికి తలవొగ్గి ప్రాయశ్చిత్తాలు చేసుకున్నారు. వెలివేసిన పెద్దలకి అయిన ఖర్చు సున్నా. పరువు, బంధుత్వం, పిల్లల సంబంధాలు, అన్నీ అవతలివాడి జేబులోంచే. ఈ పద్ధతి మన దేశవాళీ సరుకు. 'అకడమిక్ బాయ్‌కాట్' అని ఇంగ్లీషు పేరు పెట్టుకుని సీమనుంచి దిగుమతి చేసుకోనక్కర్లేదు.

ఇరవై ఆరేళ్ళ తర్వాత అదే ఊళ్ళో బహిష్కారం కాలేజీ గేటు దాటింది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చారు, వెంట ముట్నూరి కృష్ణారావు. పాల్ ఇంగ్లీషులో ఉరుముతుంటే చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలుగు చేసి చెప్పారు, అంతటితో ఆగక ఆశువుగా పద్యమూ అందుకున్నారు. పాల్ వెళ్ళిపోయారు గాని ఆయన వదిలిన వేడి తరగతి గదుల్లో మిగిలిపోయింది. విద్యార్థులు చొక్కాలకి 'వందేమాతరం' బ్యాడ్జీలు తగిలించుకుని క్లాసుల్లో కూచున్నారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ దొర తియ్యమన్నాడు. వాళ్ళు తియ్యలేదు.

ఇక్కడ హంటర్ దొర వాదనని కొంచెం మెచ్చుకోవాలి, ఎందుకంటే నూరేళ్ళు దాటినా ఆ వాదన పదవీ విరమణ చెయ్యలేదు. విద్యాలయంలో రాజకీయాలు కూడదు. చక్రవర్తి ఖజానా జీతాలతో, చక్రవర్తి కొలువుకి గుమాస్తాల్ని తయారుచేసే కాలేజీ రాజకీయం కాదు. అందులో కుర్రాడి గుండె మీద రెండంగుళాల బ్యాడ్జి రాజకీయం. జ్ఞానపవిత్రతని కాపాడ్డం కోసం దొరగారు వందమందికి పైగా విద్యార్థుల్ని సస్పెండు చేశారు. వాళ్ళ నాయకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు అప్పటికి ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నారు. ఆయన్ని బయటికి పంపి, సర్కారు ఉద్యోగానికి పనికిరాడని ముద్ర వేశారు. మరుసటి ఏడు 'స్వరాజ్య' పత్రికలో రాసిన రాతకి రాజద్రోహం కింద జైలు. పాఠం చెప్పడానికి అనర్హుడని తేల్చిన ఆ మనిషే బయటికొచ్చాక గ్రంథాలయోద్యమం, వయోజన విద్య అంటూ ఏళ్ళ తరబడి ఊరూరా జనానికి చదువు చెప్పాడు. ఆ కుర్రాళ్ళ నిరసనలో ఒక విశేషం చూడండి. బిల్లు వాళ్ళే కట్టారు. పక్కవాడి భోజనం మాన్పించలేదు.

అలా సొంత జేబు తడుముకున్నవాళ్ళు మరికొందరున్నారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తొలి వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి, ఉప్పు సత్యాగ్రహం నాటి సర్కారు దమననీతికి నిరసనగా 1930లో పదవి వదిలేశారు. విద్యార్థులారా బయటికి రండి అని పిలుపివ్వడం తేలిక. వైస్ చాన్సలర్ తానే కుర్చీ దిగి రావడం, అప్పటినుంచి ఇప్పటిదాకా చూస్తే, వేళ్ళ మీద లెక్కపెట్టేంత అరుదు.

1938లో హైదరాబాదులో ఉస్మానియా హాస్టళ్ళలో వందేమాతరం పాడొద్దన్నారు, పాడిన పిల్లల్ని వందల సంఖ్యలో వెళ్ళగొట్టారు. అప్పుడు నాగపూర్ విశ్వవిద్యాలయం, వైస్ చాన్సలర్ కేదార్ పూనికతో, తలుపు తీసింది. అలా వెళ్ళి చదువుకున్నవాళ్ళలో పి.వి. నరసింహారావు ఒకరు. నాగపూర్ వాళ్ళు విద్యాస్వేచ్ఛ మీద తీర్మానాలు చేసి ఊరుకోలేదు. సీట్లిచ్చారు.

తెల్లదొరల దేశాల్లో ఈ వ్యవహారం మరీ నాజూగ్గా నడుస్తుంది. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక గెలిచిన దేశాల శాస్త్రవేత్తలు 'అంతర్జాతీయ' పరిశోధన మండలి పెట్టుకుని, జర్మన్లని మాత్రం 1926 దాకా గడప తొక్కనివ్వలేదు. 1921 సాల్వే సమావేశానికి జర్మనీ నుంచి ఒక్క ఐన్‌స్టీన్‌కే పిలుపు వెళ్ళింది, ఆయన ప్రతిభ మహిమవల్ల ఆయన జర్మనుతనం పుణ్యానికి రద్దయింది కాబోలు. ఆయన రాలేదు. జెరూసలెంలో పెట్టబోయే హీబ్రూ విశ్వవిద్యాలయానికి చందాలు పోగుచెయ్యడానికి అమెరికా వెళ్ళారు. ఆ విశ్వవిద్యాలయమే ఇవాళ బహిష్కారాల జాబితాల్లో ఉంది. ఇంగ్లండులో హార్డీ లాంటి గణితజ్ఞులు ఈ వెలిని తప్పుపట్టారు. మిగతావాళ్ళు నిశ్శబ్దంగా లెక్కలు చేసుకున్నారు.

2002లో మాంచెస్టర్ ఆచార్యురాలొకరు తన అనువాద పత్రికల సంపాదక, సలహా సంఘాలనుంచి ఇద్దరు ఇజ్రాయెల్ పండితుల్ని తీసేశారు. వ్యక్తుల మీద కోపం లేదు, సంస్థల మీదే అన్నారు. తీసేసినవారిలో ఒకామె ఇజ్రాయెల్ ఆమ్నెస్టీకి అంతకుముందు అధ్యక్షురాలు, సొంత ప్రభుత్వం చేసే పనుల్ని బాహాటంగా తప్పుపట్టిన మనిషి. ప్రభుత్వం మీద విసిరిన రాయి ఆ ప్రభుత్వాన్ని తిట్టే మనిషికే తగిలింది. విశ్వవిద్యాలయాలకి కోపం వస్తే గురి అలాగే ఉంటుంది.

బహిష్కారాలు కూడదనే అవతలి పక్షం వారి స్వేచ్ఛాప్రేమ ఇంకా చూడముచ్చట. 2024 తొలి నెలలకల్లా గాజాలోని విశ్వవిద్యాలయాలన్నీ దెబ్బతిన్నవో కూలిపోయినవో అయ్యాయి. ఇస్రా విశ్వవిద్యాలయ భవనాన్ని ఆ జనవరిలో మందుగుండు పెట్టి పేల్చేశారు. బోస్టన్‌లో ఒక సదస్సు ఆహ్వానం రద్దయితే గెలీలియోని తలుచుకుని కన్నీళ్ళు పెట్టుకునేవారిలో చాలామందికి ఇది విద్యాస్వేచ్ఛకి సంబంధించిన విషయంగానే తోచలేదు. తరగతి గది ఉంటేనే గదా దానికి స్వేచ్ఛ అవసరమయ్యేది! అమెరికా ఆచార్యుల సంఘం 2005లో అకడమిక్ బహిష్కారాలన్నిటినీ తప్పన్నది, 2024 ఆగస్టులో ఆ మాట వెనక్కి తీసుకుంది. కనీసం ఆలోచించుకుని మార్చుకున్నారు, అది నయం.

ఇక దక్షిణాఫ్రికా మాటకొస్తే మనవాళ్ళ రొమ్ము ఉప్పొంగుతుంది. 1946లోనే వాళ్ళతో వ్యాపారం మానేసిన దేశం మనది. చాలాకాలం మన పాస్‌పోర్టు మీద ఆ దేశానికి చెల్లదని ముద్ర ఉండేది. మంచిదే. దూరపు వర్ణవివక్షని వెలివెయ్యడంలో మనది తొలి ర్యాంకు.

దగ్గరి సంగతి వేరు. 2015 చివర్లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థుల్ని హాస్టల్ నుంచి పంపేసింది. క్యాంపస్‌లో అందరూ తిరిగే చోట్లకి గుంపుగా రాకూడదంది, విద్యార్థి సంఘం ఎన్నికల్లో నిలబడకూడదంది. కాగితం మీద దాని పేరు క్రమశిక్షణ చర్య. వాళ్ళు ఆరుబయట గుడారం వేసుకుని దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. ఆ ఐదుగురిలో ఒకరైన గుంటూరు కుర్రవాడు రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. ఇక్కడ వేళాకోళానికి చోటు లేదు. సీమ విశ్వవిద్యాలయాల మీద ఆన్‌లైన్ పిటిషన్లకి చకచకా సంతకాలు పెట్టిన ఆచార్యుల్లో ఎందరు తమ వరండాలో అంటించిన ఆ ఉత్తర్వు ముందు ఆగి చదివారో వాళ్ళకే తెలియాలి.

చదివి, తమ ఆఫీసుకే లేఖ రాస్తే ఏమవుతుందో కూడా చూశాం. 2021 జనవరిలో కేంద్ర విద్యాశాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. దేశ భద్రత, సరిహద్దులు, అంతర్గత వ్యవహారాలు అనిపించే విషయాల మీద విదేశీయులతో ఆన్‌లైన్ సదస్సు పెట్టుకోవాలంటే ముందు అనుమతి తెచ్చుకోవాలట. ఇన్నేళ్ళూ గొంతు సవరించుకుంటూ కూచున్న శాస్త్రవేత్తలు ఈసారి నోరు విప్పారు. విజ్ఞాన అకాడమీలనుంచి లేఖలు వెళ్ళాయి. లేఖ మీద సంతకం ఎవరిదో ఢిల్లీకి స్పష్టంగా తెలుసు, అది పెట్టినవాళ్ళకి గ్రాంట్లు ఇచ్చేదీ ఆ ఢిల్లీయే. ఎవరూ ఏ బడికీ తాళం వెయ్యలేదు, ఏ పిల్లవాడి భోజనమూ ఆపలేదు. ఫిబ్రవరి వెళ్ళేలోపు ఉత్తర్వు వెనక్కి పోయింది.