జవాబు ముందు, లెక్క తర్వాత

ఆఫీసు మీటింగుల్లో నేను చెప్పే నీతి ఒక్కటే: ముందు టెస్టు రాయండి, ఆ తర్వాతే కోడ్. బాన్సువాడలో మేడమీది గదిలో కూర్చుని ఈ మాట ఎన్నిసార్లు అన్నానో, కింద వంటింట్లో ఉన్న మా ఆవిడకు కంఠతా వచ్చేసింది. నా మీద ఆమెకున్న నమ్మకం మాత్రం పాల లెక్కతో పోయింది.

మాకు రోజూ అర లీటరు. నాగా అయితే క్యాలెండర్‌లో సున్నా, చుట్టాలొచ్చి లీటరు తీసుకుంటే టిక్కు. అంత బాగా నడుస్తున్న లెక్కను చూసి నా చేతులు ఊరుకోలేదు. ఒక ఆదివారం జాంగోలో వెబ్ యాప్ కట్టేశాను. టెస్టులూ రాశాను, కాకపోతే కోడ్ అయ్యాక. యాప్ ఏ అంకె చూపిస్తే అదే సరైన జవాబని టెస్టులో ఎక్కించాను. పిల్లాడి పేపర్ చూసి మాస్టారు కీ రాసుకున్నట్టు! నూటికి నూరు. స్క్రీనంతా పచ్చపచ్చగా ఉంది.

ఫిబ్రవరి అయిపోయింది. 28 రోజులు, 3 నాగాలు, 2 రోజులు లీటరు చొప్పున. లీటరు 80 రూపాయలు. యాప్ 1,160 అంది, ఇచ్చేశాను. మా ఆవిడ వేళ్లు మడిచింది.

"పోసింది 25 దినాలు. 23 దినాలు అర లీటరు, రెండు దినాలు లీటరు. పదమూడున్నర లీటర్లు. 1,080 గాదా?"

లీటరు పోసిన రోజున మామూలు అర లీటరు కూడా కలిపేసింది నా కోడ్. రెండు నెలల్నించీ.

"గన్ని టెస్టులు రాస్తివి, ఒక్కటన్న గిది అడగలేదా?"

ఎలా అడుగుతుంది? కోడ్‌ను చూసి రాసిన టెస్టు, దాని తప్పును కూడా కాపీ కొడుతుంది.

టెస్టు ముందు రాసే పద్ధతి మీద ప్రోగ్రామర్ కెంట్ బెక్ 2002లో పుస్తకమే రాశాడు. ముందు టెస్టు, అది ఎర్రగా ఫెయిలవ్వాలి. పాసయ్యేంత మాత్రమే కోడ్, పచ్చ. ఆపైన శుభ్రం చేసుకోవడం. నాకేమో ఎరుపు చూస్తే బీపీ. మెషిన్‌లో అంకె ఎక్కువొస్తే బ్యాటరీ తీసేసే రకం నేను. బెక్ తానిది కనిపెట్టలేదనే అంటాడు: రావాల్సిన జవాబును ముందే టేపు మీద కొట్టిపెట్టుకుని, అది వచ్చేదాకా ప్రోగ్రాం రాయమని ఏదో పాత పుస్తకంలో చదివాడట.

పాత పుస్తకం దాకా ఎందుకు? మా నాయిన యాసంగి నారు పోసేముందు 100 వడ్లగింజలు తడిగుడ్డలో మూటగడతాడు. 80 మొలవకుంటే ఆ విత్తనం మడిలోకి పోదు. ఆ 80 మూట కట్టకముందే అనుకున్నది. విప్పాక 62 మొలకలు కనబడితే, "సరే, మన లెక్క 62" అనడు. యాప్ విషయంలో నేనన్నది అదే.

యాప్‌లో పాత టెస్టులన్నీ చెరిపేశాను. మా ఆవిడ నోటితో చెప్పిన 1,080ని మొదటి టెస్టుగా రాశాను. ఎరుపు వచ్చింది. నా టెస్టు మొదటిసారి నిజం చెప్పింది.

ఆ సాయంత్రం కూరగాయలకు పంపుతూ ఆమె నా చేతిలో 200 పెట్టింది. చీటీ చివర ఒక అంకె: "తిరిగి రావాల్సింది 36."

21 ఇచ్చాను. సంచి వైపు చూడనే లేదు.

"మిర్చిబజ్జీలు మంచిగున్నయా?"