పాత దొరకు పీట, కొత్త పేదకు గేటు

మా జమ్మలమడుగు ప్రాంతంలో ఉక్కు ఫ్యాక్టరీ పేరు మీద 2007లో ఒకసారి, 2018లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో మరోసారి పునాది రాయి పడింది. అందుకే రాయి పడిందంటే మాకు భయం ఉండదు. రాయి దారి రాయిది, మా దారి మాది. లినక్స్ పెద్దలు పునాది ఎత్తు పెంచుతామన్నప్పుడు కూడా అదే ధీమాతో ఉన్నాం. తీరా చూస్తే వాళ్లు చెప్పినంత పనీ చేసే రకం!

సంగతి ఇదీ. 64-బిట్ లినక్స్ ప్యాకేజీలను చాలా ఏళ్లపాటు 2003లో ఏఎమ్‌డీ తెచ్చిన తొలి చిప్పుకు కూడా అర్థమయ్యే ఆదేశాలతోనే తయారుచేశారు. అందుకే ఏ డబ్బాలో వేసినా నడిచేవి. 2020లో ఇంటెల్, ఏఎమ్‌డీ, రెడ్ హ్యాట్, సూసే కలిసి, తెలిసిన ఆదేశాలను బట్టి ప్రాసెసర్లకు మెట్లు కట్టాయి: వీ1, వీ2, వీ3, వీ4. 2022లో రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9 వచ్చి, వీ2 లేనివాళ్లను గుమ్మంలోనే ఆపింది. 2025లో 10 వచ్చి వీ3 చూపించమంది. ఏవీఎక్స్2 లాంటి ఆదేశాలు తెలియని చిప్పు కనబడితే ఒక ఎర్రర్ మొహాన కొట్టి ఆగిపోతుంది.

కాలం మారింది, పాతవి పోవాల్సిందేగా అంటారు. పోతున్నవి పాతవైతే కదా! 2013లో వచ్చిన కోర్ ఐ7-4770 దర్జాగా వీ3 గడప దాటుతుంది. 2020 నాటి పెంటియం గోల్డ్ జీ6400 దాటలేదు. 2021 నాటి సెలరాన్ ఎన్4500 కూడా దాటలేదు. పెంటియం, సెలరాన్ పేర్లతో అమ్మిన చవక చిప్పులకు ఇంటెల్ ఏళ్ల తరబడి ఏవీఎక్స్ ఇవ్వలేదు. అడిగేది వయసు కాదు, కొన్న ధర. 2013 నాటి దొరకు పీట వేసి, 2021 నాటి పేదోడికి గేటు వేసి, ఆ గేటుకు ‘ఆధునికత’ అని బోర్డు కట్టారు.

తమాషా ఏమిటంటే, మైక్రోసాఫ్ట్ సరిగ్గా దీన్ని తిరగేసింది. విండోస్ 11కు ఐ7-4770 పనికిరాదు, ఎన్4500 పనికొస్తుంది. ఆన్‌లైన్ క్లాసుల రోజుల్లో చీనీ కాయలమ్మిన డబ్బుతో ఎన్4500 ల్యాప్‌టాప్ కొనిచ్చిన పులివెందుల రైతుకు ఇప్పుడు తెలియాల్సింది ఒకటే: తన కొడుకు చేతిలో ఉన్నది కొత్తదా, పాతదా? విండోస్ వాళ్లనడిగితే కొత్తది. స్వేచ్ఛ, సమానత్వం అని పాఠం చెప్పినవాళ్లనడిగితే పనికిరానిది.

రెడ్ హ్యాట్ సర్వర్లకు కదా, ల్యాప్‌టాప్‌తో దానికేం పని అని ఒక వాదన. ఆ సర్వర్లు నడిపే ఉద్యోగానికి తయారయ్యే పిల్లోడు నేర్చుకునేది దేనిమీద? హాస్టల్ గదిలో సర్వర్ పెట్టుకునా?

ఇక ప్రొద్దుటూరు. అద్దాల వెనక కోట్ల బంగారం, కౌంటర్ కింద కోర్ 2 డ్యుయో. తరుగు, మజూరీ కూడటానికి ఏవీఎక్స్2 చేసే 256 బిట్ల లెక్కలు ఇంతవరకూ ఏ గిరాకీ అడగలేదు. 2025 అక్టోబర్ 14న ఆ డబ్బాలో నడిచే విండోస్ 10కు మామూలు సపోర్టు ఆగిపోయింది. ఇట్లాంటి అంగట్లో మాటలు ఎట్లా సాగుతాయో ఊహించడం కష్టం కాదు.

“అన్నా, లినక్స్ ఏస్తా. ఇంకో పదేండ్లు కొత్తది కొనే పనే ల్యా.”

“ఏ లినక్స్ అబ్బీ?”

“అదే తెలీడంల్యా. ఒకడు వీ2 అంటాడు, ఇంకొకడు వీ3 అంటాడు.”

“22 క్యారెట్లు తెల్సు, 24 తెల్సు. ఈ వీ ఏందిరా నాయనా?”

ఇంత చేసి దక్కేదేమిటి? 2025 అక్టోబర్‌లో ఉబుంటు తన ప్యాకేజీలను వీ3కి కూడా కట్టి చూసింది. చాలా ప్యాకేజీలకు పెరిగిన వేగం దాదాపు 1 శాతమని వాళ్లే చెప్పారు. లెక్కలు ఎక్కువగా చేసేవాటికి ఇంకాస్త ఎక్కువ. వీ3 ప్యాకేజీలున్న హార్డ్ డిస్కు పీకి పాత డబ్బాకు తగిలిస్తే మాత్రం నడవదు. డబ్బా చెడితే డిస్కు ఇంకోదానికి మార్చుకుని బతికే ఊళ్లకు ఇది మంచి కానుకే!

అసలు వేగం కావాల్సినచోట అది ముందే ఉంది. ఎఫ్ఎఫ్ఎమ్‌పెగ్, ఓపెన్ఎస్ఎస్ఎల్, జీలిబ్‌సీ లాంటి సాఫ్ట్‌వేర్లు నడిచేటప్పుడే చిప్పును చూసుకుని తగిన కోడ్ ఎంచుకుంటాయి. 2021లో వచ్చిన జీలిబ్‌సీ 2.33 నుంచి ఒకే లైబ్రరీని మెట్టుకొకటి చొప్పున పక్కపక్కనే ఉంచే సదుపాయమూ ఉంది. ఓపెన్‌సూసే ఆ దారి పట్టింది. ఆల్మాలినక్స్ 10 వీ2కి వేరే బిల్డు ఇచ్చింది. ఉబుంటు కూడా పాతదాన్ని తీసేయకుండా పక్కనే కొత్తది పెట్టింది. డెబియన్ 13 ఇంకా వీ1 దగ్గరే ఉండి కోర్ 2 డ్యుయోను కూడా రమ్మంటోంది. పాత చిప్పులను మోయడం కుదరదన్న మాట అబద్ధం. రెండుసార్లు కట్టడం, రెండుసార్లు పరీక్షించడం ఖర్చు, అంతే. ఆ ఖర్చు ఇప్పుడు చీనీ రైతు నెత్తిన పడింది.

పరీక్షల మాట వచ్చింది కాబట్టి చెప్పుకోవాలి. వీ3 ప్యాకేజీని వీ3 యంత్రం మీద పరీక్షిస్తే పాస్ కాక ఏమవుతుంది? ఫెయిలయ్యేవాణ్ణి హాలు బయటే ఆపేసి నూటికి నూరు శాతం ఫలితాలని పేపర్లో ఫోటోలేయించుకునే విద్య మన కార్పొరేట్ కాలేజీల సొత్తనుకున్నాం. సముద్రాలు దాటిపోయిందన్నమాట.

కాబట్టి పెద్దలారా, ఈసారి మెట్టు పెంచే ముందు ఒక ఎన్4500 కొని, ఆ ప్రకటన దానిమీదే టైపు చేయండి. డౌన్‌లోడ్ పేజీలో ‘ఆధునిక ప్రాసెసర్’ అన్న మాట తీసేసి, ఏయే చిప్పులను వెళ్లగొడుతున్నారో పేర్లు రాయండి. మా గురించి బెంగ వద్దు. బంగారం మీద 3 శాతం జీఎస్టీ నోరెత్తకుండా కట్టే ఊరు మాది. 1 శాతం వేగం తగ్గితే చచ్చిపోం.