శిక్షకవాక్యమీమాంస

పుదుచ్చేరి పట్టణమునకు వాయవ్యపు కొసను, తిండివనమునకు పోవు రాజమార్గముపై, గోరిమేడు అను పేట యొకటి కలదు. అందు జిప్‌మర్ మహావైద్యశాల యుండుటచేత, నెల్లూరు మొదలు యానాము దాక గల తెలుగువారిలో ఏదో యొక అవయవము మొరాయించినవారును, వారి వెంట సంచులు మోసికొని వచ్చిన బంధువులును, ఆ వైద్యశాలలో చదువుకొనుచు, కొలువు చేయుచు నున్న యువకులును అచ్చట ఏ వేళనైనను కొందరు కనబడుచునే యుందురు. రోగి లోపల నుండును. బంధువు వెలుపల నుండును. వెలుపల నున్న బంధువునకు టీకొట్టు తప్ప గతి లేదు. టీకొట్టున కూర్చున్న తెలుగువానికి వాదము తప్ప గతి లేదు.

మొన్నటి సాయంకాలము అట్టి టీకొట్టు బల్లలపై నడచిన వాదమునకు విషయము ఫుట్‌బాల్; అందును లోకమంతయు నిద్ర మాని చూచు ఐరోపా ఫుట్‌బాల్ కాదు, మన దేశపు రెండవ శ్రేణి ఫుట్‌బాల్. 2022లో ఐ.ఎస్.ఎల్. కప్పు గెలిచి ఊరేగిన హైదరాబాదు జట్టు, జీతముల చిక్కులలో పడి నలిగి, 2025లో పేరు మార్చుకొని ఢిల్లీకి కాపురము తరలించిన పిమ్మట, తెలుగు అభిమానికి మనదని చెప్పుకొనుటకు శ్రీనిధి డెక్కన్ జట్టు మిగిలినది. అది ఐ-లీగ్‌లో ఆడిన జట్టు. 2022-23లో దానికి రెండవ స్థానము. 2023-24లో మరల రెండవ స్థానము. మొదటి యేట పంజాబు జట్టును, రెండవ యేట కలకత్తా మహమ్మడన్ జట్టును పై శ్రేణికి సాగనంపి, తాను గుమ్మము కడ నిలిచిపోయిన జట్టు అది. ఇట్టి జట్టునకు శిక్షకుడై యుండువాడు సమర్థుడా, అసమర్థుడా అనునదియే ఆనాటి చర్చ.

భార్యకు కంటి చికిత్స చేయించుటకై యానాము నుండి వచ్చిన విశ్రాంత తెలుగు పండితులొకరు సభకు అధ్యక్షులు. ఆయనను ఎవరును ఎన్నుకొనలేదు. ఆయన గొంతు సవరించుకొన్నంతనే తక్కినవారు ఊరకుండుటచే అధ్యక్షత తనంతట సంక్రమించినది. హైదరాబాదు నుండి వచ్చి వైద్యవిద్య చదువుచున్న కుర్రవాడు శిక్షకుని పక్షము. నెల్లూరు నుండి వచ్చి నర్సింగు ఉద్యోగము చేయుచున్న యువకుడు ప్రతిపక్షము.

“రెండేళ్లు వరసగా రెండో స్థానం అన్నా! ఎంత నిలకడ!” అనెను కుర్రవాడు.

“ఏం నిలకడబ్బా? రేపు నీకు పీజీ పరీక్షలో రెండో ర్యాంకొస్తే పిలిచి సీటిస్తారు. ఐ-లీగ్‌లో రెండో ర్యాంకొస్తే ఏమిస్తారు? మళ్లీ ఐ-లీగే ఇస్తారు.”

“మాస్టారూ, మీరే చెప్పండి.”

“నేను ఆట చూడలేదు నాయనా. నువ్వు చూశావా?”

కుర్రవానికి ఆ వేళ వార్డులో పోస్టింగు. నెల్లూరువానికి డ్యూటీ. తక్కిన సభ్యులలో ఒకరు మందుల వరుసలో నుండిరి, ఒకరు స్కానింగు గది యెదుట నుండిరి. ఆట చూచినవాడు ఆ సభలో ఒక్కడును లేడు. ఐనను ఆట పిమ్మట జరిగిన ప్రెస్ మీట్‌ను చూడనివాడును ఒక్కడు లేడు.

వ్యవహారమంతయు ఇచ్చటనే యున్నది. దిగువ శ్రేణి ఆటలు తరచుగా పనిదినముల మధ్యాహ్నపు టెండలలో జరుగుచుండును. ఆ వేళ జీతము తెచ్చుకొనువాడు కొలువులో నుండును, జీతము లేనివాడు దానికై తిరుగుచుండును. తొంబది నిమిషముల శ్రమను చూచుటకు ఎవనికిని తీరిక లేదు. సాయంకాలమగునప్పటికి శిక్షకుడు చెప్పిన నాలుగు మాటలు మాత్రము ప్రతివాని సెల్‌ఫోనులోనికిని టీ వేళకు సరిగా దిగివచ్చును. కావున ఆ శిక్షకుడు వారమంతయు మైదానమున చేసిన పని పరోక్షము, ఆట ముగిసిన పిమ్మట చేసిన ఉపన్యాసము ప్రత్యక్షము. ప్రమాణములలో ప్రత్యక్షమునకే మొదటి పీటయని మన తర్కశాస్త్రము గూడ చెప్పుచున్నది.

సభవారి కోరికపై నెల్లూరు యువకుడు తన ఫోనును బిస్కెట్ల గాజుజాడీకి ఆనించి నిలబెట్టెను. తెర మీద ఒక మూల నుండి ఒక మూలకు పగులు. ఆ పగులు సరిగా శిక్షకుని ముక్కు మీదుగా పోవుచున్నది. ఆయన వెనుక వ్యాపారసంస్థల చిహ్నములు గల పలక, ముందు తాకని నీళ్లసీసా. టీమాస్టరు తమిళుడయ్యును, మాట స్పష్టముగా వినబడుటకై పైనుండి క్రిందికి టీ తిరగబోయుట మానివేసి, గ్లాసును చేత పట్టుకొని నిలిచెను. ఆ శిక్షకుని పేరేమో ఇచ్చట చెప్పుట అనవసరము. ఏ దేశమందైనను, ఏ దిగువ శ్రేణి యందైనను ఓడిన శిక్షకుడు పలుకునవి ఆ వాక్యములే. వాటిని విన్నంతనే పండితులవారికి యౌవనము తిరిగి వచ్చినది. అలంకారశాస్త్రము చెప్పుటకు శిష్యులు దొరకక చిరకాలమైనది. లక్ష్యములు ఇన్ని ఒక్కచోట దొరకుట అంతకంటెను అరుదు.

“కుర్రాళ్లు నూటికి నూట పది పాళ్లు కష్టపడ్డారు” అనుట అతిశయోక్తి. అది చవుక అలంకారము గనుక ఆయన దానిని దాటిపోయిరి. “ఇది ఓటమి కాదు, పాఠం” అనుట అపహ్నవము. ఉన్నదానిని మరుగుపరచి, లేనిదానిని దాని చోట నిలుపుట దాని లక్షణము. “రిఫరీ గురించి నేనేమీ మాట్లాడను” అని ఆరంభించి, మిగిలిన కాలమంతయు రిఫరీని గూర్చియే మాటాడుట ఆక్షేపము. “ఫుట్‌బాల్‌లో ఇలాంటివి జరుగుతుంటాయి” అను సామాన్యవాక్యముతో, గోలుకీపరు చేతిలోనుండి బంతి జారిపడిన విశేషమును సమర్థించుట అర్థాంతరన్యాసము. విమానము ఆలస్యమగుటచే నిద్ర చాలలేదనియు, నిద్ర చాలమిచే కాళ్లు బరువెక్కినవనియు, కాళ్లు బరువెక్కుటచే డిఫెండర్లు వెనుకబడిరనియు, వారు వెనుకబడుటచే గోలు పడెననియు చెప్పుట కారణమాల. పడిపోయిన చోటనే సుఖముగా పండుకొని కాలము గడపుటలో ఎదుటి జట్టు చూపిన ప్రతిభను అభినందించుట వ్యాజస్తుతి. ఇక బంతి ఎక్కువసేపు మన కాళ్లయందే యున్నది, కార్నర్లు మనవే, అవకాశములు మనవే, గోలు మాత్రము రాలేదనుట విశేషోక్తి. కారణసామగ్రి సమస్తమును ఉండియు కార్యము పుట్టకుండుటకు ఇంతకు మించిన ఉదాహరణము ప్రబంధములందును తమకు దొరకలేదని పండితులవారు కన్నులు మూసికొని సెలవిచ్చిరి.

అప్పుడు టీమాస్టరు, తనకు వచ్చిన తెలుగులో, వినయముగా అడిగెను: “సార్, అంతా సరే. స్కోరు ఎంత?”

సభ్యులు ఒకరి మొగము ఒకరు చూచికొనిరి. ఓడిన సంగతి అందరికిని తెలియును. ఎంతతో ఓడినదో ఎవరికిని జ్ఞాపకము లేదు.

ఐనను చర్చ ఆగలేదు. శిక్షకుడు మితముగా మాటాడినచో ఏదో దాచుచున్నాడు. విస్తరించి మాటాడినచో ఆటలేనివానికి మాటలెక్కువ. ఆటగాండ్రను మెచ్చుకొన్నచో వెనకేసుకొని వచ్చుచున్నాడు. మందలించినచో ఇంటిగుట్టు రచ్చకెక్కించినాడు. తప్పు తనదేయని ఒప్పుకొన్నచో రాజీనామా చేయడేమి? ఒప్పుకొననిచో ఎంత పొగరు? ఈ ధర్మశాస్త్రమున ప్రాయశ్చిత్తము లేని పాపములే గాని, పాపము కాని పలుకు ఒక్కటియు లేదు.

ఆటను మాటగా మార్చిన అపరాధమును శిక్షకుని తలమీదనే మోపుట న్యాయము కాదు. 2024-25 ఐ-లీగ్ ఆటలు 2025 ఏప్రిల్ నెలలో ముగిసినవి. విజేత ఎవరో జులై నెలలో గాని తేలలేదు. ముందుగా గోవా చర్చిల్ బ్రదర్స్ జట్టును విజేతగా ప్రకటించిరి. పిమ్మట స్విట్జర్లాండులోని లోజాన్ నగరమున గల క్రీడాన్యాయస్థానము ఇంటర్ కాశీ జట్టు విజేతయని తీర్పు చెప్పెను. కాలితో తన్నిన బంతి కాగితములపై దొర్లి, సముద్రములు దాటి, ఆల్ప్స్ పర్వతముల చెంత గోలులో పడినది. ఇట్టి పోటీలో జట్టు నడుపువానికి మైదానపు పట్టు కంటె వాదనాపటిమ యెక్కువ ఉపకరించునని ఎవడైన తలచినచో వానిని తప్పుపట్టుట యెట్లు?

ఇంతలో యానాము నుండియే వచ్చిన పెద్దమనిషి యొకడు, “జాతకాలు చూసి ఆడిస్తే పోయేదండీ!” అని విసిరెను. అందరును నవ్విరి. నవ్వవలసిన పని లేదు. మన భారతజట్టుకు శిక్షకుడుగా నుండిన క్రొయేషియా దేశస్థుడు ఇగోర్ స్టిమాచ్, 2022 నాటి ఆసియా కప్ అర్హతపోటీలకు ముందు ఆటగాండ్ర జాబితాను ఢిల్లీ జ్యోతిష్కునకు పంపి, గ్రహబలము విచారించెనని 2023లో పత్రికలు ప్రకటించినవి. ఒకప్పుడు ఈ పుదుచ్చేరిని ఏలిన ఫ్రాన్సు దేశము మాత్రము తక్కువ తిన్నదా? ఆ జట్టు శిక్షకుడు రేమోఁ దొమెనెక్, ఆటగాండ్ర యెంపికలో రాశులను గూడ గమనించువాడని ప్రసిద్ధి. వృశ్చికరాశివారన్నచో ఆయనకు శంక. 2008 జూన్ 17న ఇటలీ చేతిలో రెండు గోలుల తేడాతో ఓడి, యూరో పోటీ నుండి వెడలిన రాత్రి, ఓటమికి కారణమేమని టెలివిజనువారు అడుగగా, ఆ మహానుభావుడు అప్పుడే, అచ్చటనే తన ప్రియురాలిని పెండ్లాడ గోరుచున్నట్లు దేశమునకు నివేదించెను. ఓటమి సమీక్షను పెండ్లి ప్రస్తావనగా మార్చిన ఈ వాక్యమునకు అలంకారశాస్త్రమున పేరు లేదని పండితులవారు ఒప్పుకొనిరి.

ఇక రెండవ టీ వచ్చునప్పటికి, శిక్షకుని తక్షణమే తొలగింపవలెనను తీర్మానము సభాముఖమున ప్రవేశపెట్టబడినది. ఈ సందర్భమున నాకు తోచిన సంగతి యొకటి మనవి చేయుదును. ఇదే సభ 1952 జులై 15వ తేదీ సాయంకాలము కూడియుండినచో ఏమయ్యెడిది? ఆనాడు హెల్సింకి ఒలింపిక్సులో భారతజట్టు యుగోస్లావియా చేతిలో పదికి ఒక్కటిగా ఓడినది. మనవారిలో పలువురు చెప్పులు లేని కాళ్లతో ఆడిరి. ఆ జట్టు శిక్షకుడు హైదరాబాదు వాడు, బడిపంతులుగా పనిచేసినవాడు, సయ్యద్ అబ్దుల్ రహీం. పదికి ఒక్కటి! గోరిమేడు న్యాయస్థానమున ఈ అపరాధమునకు మొదటి టీ చాలును. రెండవ టీ పిలువనక్కరయే లేదు.

రహీం అదృష్టమేమన, ఆనాటికి బిస్కెట్లజాడీకి ఆనించు ఫోను పుట్టలేదు. ఆయనను ఉండనిచ్చిరి. బూట్లు తప్పనిసరి చేసిరి. ఆయన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 దాక వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు గెలిచినది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో ఆయన నడిపిన భారతజట్టు ఆస్ట్రేలియాను నాలుగుకు రెండుగా ఓడించి నాలుగవ స్థానమున నిలిచినది. అప్పుడును సెమీఫైనలులో అదే యుగోస్లావియా అడ్డుపడినదే గాని, పది గోలుల అవమానము నాలుగుకు దిగినది. పది పట్టుటకును నాలుగు పట్టుటకును నడుమ నాలుగేండ్లు పట్టినవి. ఆ నాలుగేండ్లలో వారమున కొక ప్రెస్ మీట్ చొప్పున పెట్టియుండినచో, బహుశః ఆయన అలంకారములయందే ఆరితేరియుండును.

1962 జకార్తా ఆసియా క్రీడల కథ ఇంకను రుచిగలది. ఇస్రాయేలును, తైవానును ఆతిథ్యదేశము రానీయకుండుటను మన క్రీడాధికారి జి.డి. సోంధి బహిరంగముగా ఆక్షేపించుటతో, జకార్తా జనమంతయు భారతజట్టుపై భగ్గుమన్నది. మాట అధికారిది, తిట్లు ఆటగాండ్రకు. ఆ హోరులోనే సెప్టెంబరు 4న భారతము, మొదటి ఆటలో తనను ఓడించిన దక్షిణ కొరియాను ఫైనలులో రెండుకు ఒక్కటిగా ఓడించి స్వర్ణము గైకొన్నది. పి.కె. బెనర్జీ ఒక గోలు, గాయపడిన తలకు కట్టుతో జర్నయిల్ సింగ్ ఒక గోలు చేసిరి. అప్పటికే కాన్సరుచే కృశించుచుండిన రహీం, ఫైనలుకు ముందు తన జట్టు కుర్రవాండ్రను పిలిచి ఆ స్వర్ణమును తనకు కానుకగా నిమ్మని అడిగెనని ఆ జట్టువారు తరువాత చెప్పుకొనిరి. ఆయన చేసిన ఉపన్యాసము అది, విన్నవారు ఆటగాండ్రు. మరుసటి యేడు జూన్ 11న ఆయన కన్ను మూసెను. ఆయన జీవితముపై హిందీ సినిమా 2024లో వచ్చినది. అనగా, ఆయన మాటలు మనకు వినబడుటకు అరువది యేండ్లు పట్టినవి, పలికినది గూడ వేరొక నటుడు.

ఈ సంగతులు విన్న సభవారు తీర్మానమును ఉపసంహరించుకొందురని నేను ఆశించితిని. ఉపసంహరింపలేదు, సవరించిరి. రహీం వంటివాడైనచో పదేండ్లు ఇయ్యవచ్చుననియు, ఈ శిక్షకుడు రహీం వంటివాడో కాదో వచ్చే ఆదివారము లోపల తేల్చవలెననియు, తేల్చుటకు ఆయన తదుపరి ప్రెస్ మీట్‌నే ఆధారముగా గొనవలెననియు ఏకగ్రీవముగా నిశ్చయించిరి.

పాఠకమహాశయులారా, శిక్షకుని తిట్టవద్దని నేను చెప్పుట లేదు. ఓడినవానిని తిట్టుట అభిమానికి జన్మహక్కు, ఆ హక్కు లేనినాడు దిగువ శ్రేణి ఫుట్‌బాల్‌కు అభిమానులే మిగులరు. నా మనవి యొక్కటే. మీ ఊరి జట్టు ఆడునప్పుడు ఒక మధ్యాహ్నము సెలవు పెట్టి, టికెట్టు కొని, తొంబది నిమిషములును కూర్చుండి చూడుడు. అప్పుడు ఆయన ఆటను తిట్టుడు. మాటలను తిట్టుటకు సాయంకాలము ఎటులను ఉండనే యున్నది.