ఊళ్ళో ఉండిపోయినవాళ్ళ కప్పు: ఒక గోల్‌పోస్టు ఆత్మకథ

నేను అనంతపురం జిల్లాలో ఒక పల్లెబడి వెనక ఎర్రమట్టి బయలులో పాతిన గోల్‌పోస్టును. రెండు నిలువు పైపులు, వాటి నెత్తిన ఒక అడ్డపైపు, అంతే నా ఒళ్ళు. నిలువుల మధ్య 24 అడుగులు, నేల నుంచి అడ్డపైపుకు 8 అడుగులు. నైరోబీలోనైనా కాసాబ్లాంకాలోనైనా నా జాతివాళ్ళ కొలత ఇదే. తేడా అంతా కాళ్ళ దగ్గర కనిపిస్తుంది. నేలను తాకేచోట రంగు ఊడిపోయి, పైపు పొరలు పొరలుగా తుప్పు రాలుస్తుంది. వల చిరిగినచోటల్లా నైలాన్ తాడు ముడులు, అవి జారకుండా బైండింగ్ వైరు చుట్లు. గోలీ నిలబడేచోట కాళ్ళు తొక్కీ తొక్కీ జానెడు గుంట పడింది. వాన కురిస్తే ఈ బయలులో ముందు నీళ్ళు నిలిచేది అందులోనే. కానీ ఇక్కడ ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ, అదీ అదనుకు రాదు. ఏడాదిలో చాలా నెలలు ఆ గుంటలో దుమ్మే ఉంటుంది. ఆత్మకథ అంటే జరిగిన సంగతులు వరసగా చెప్పాలంటారు. కదలనివాడికి సంగతులు తక్కువ, ఆలోచనకు తీరిక ఎక్కువ. అందుకే నా కథను ఒక వాదనగా చెబుతాను. ఊరు దాటి పైకి వెళ్ళేవాళ్ళను ఏరుకోవడానికి ఎన్నో ఏర్పాట్లున్నాయి. ఊళ్ళో ఉండిపోయేవాళ్ళకు కూడా ఏటా తప్పకుండా వచ్చే పోటీ ఒకటి ఉండాలి. అది లేనిచోట ఆట నిలవదు.

ఈ సీమ లెక్క ఇది. జూన్, జులైల్లో ఆకాశాన్ని నమ్ముకుని శెనక్కాయ విత్తుతారు. ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే అక్టోబరు, నవంబరుల్లో చెట్టు పీకినా కాయ ఉండదు. సుగ్గి అయిందనిపించి బెంగళూరు బస్సెక్కుతారు. కదిరి వైపు నుంచి కేరళ దాకా పోయేవాళ్ళున్నారు. పిల్లలు కొందరు అమ్మానాన్నలతో వెళ్తారు. కొందరు అవ్వాతాతల దగ్గర ఉంటారు, కొందరు వలస కుటుంబాల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టళ్ళలో ఉంటారు. సాయంత్రం నా ముందు బంతి తన్నేది ఈ ఉండిపోయినవాళ్ళే. రెండు వైపులా కలిపి పదిమంది పోగైతే గొప్ప. వాళ్ళలో ఆట వచ్చినవాళ్ళు లేక కాదు. ఎదుట నిలబడే పక్కూరి జట్టు లేదు, ఫలానా రోజున ఆడాలన్న తేదీ లేదు, గెలిస్తే ఎక్కే మెట్టు లేదు. వచ్చే ఆదివారం ఎవరితో ఆడాలో తెలియనప్పుడు ఎంత గొప్ప కాలైనా పొద్దుపోవడానికే తన్నుతుంది.

నా మాటకు పెద్ద సాక్ష్యం ఆఫ్రికాలో ఉంది. ఆఫ్రికా దేశాల జట్ల మధ్య పోటీ అనగానే అందరికీ తెలిసింది నేషన్స్ కప్. 1957లో సూడాన్ రాజధాని ఖార్టూమ్‌లో మూడే మూడు జట్లతో అది మొదలైంది. ఈజిప్టు, సూడాన్, ఇథియోపియా ఆడాయి. వర్ణవివక్ష పాటించే దక్షిణాఫ్రికాకు చోటు దక్కలేదు. ఆ పోటీ ఇప్పుడు 24 జట్లకు పెరిగింది. పోటీతో పాటు వలసా పెరిగింది. కాస్త పేరొచ్చిన ప్రతివాడూ ఫ్రాన్సుకో బెల్జియానికో వెళ్ళిపోవడంతో చాలా దేశాల జాతీయ జట్లలో సొంత లీగులో ఆడేవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. అప్పుడు ఆఫ్రికా ఫుట్‌బాల్ సమాఖ్య ఒక పని చేసింది. నేషన్స్ కప్‌ను దాని మానాన ఉంచి, పక్కనే ఆఫ్రికన్ నేషన్స్ ఛాంపియన్‌షిప్ అనే ఇంకో పోటీ పెట్టింది. క్లుప్తంగా ‘చాన్’ అంటారు. ఇందులో ఆడాలంటే ఆ దేశస్థుడై ఉండాలి, ఆ దేశపు లీగులోనే ఆడుతూ ఉండాలి. సెనెగల్ కుర్రాడు పక్కనున్న మాలీ క్లబ్బుకు ఆడుతున్నా అర్హుడు కాడు. 2009లో ఐవరీ కోస్టులో ఎనిమిది జట్లతో మొదలై, 2025 ఆగస్టులో కెన్యా, టాంజానియా, ఉగాండా కలిసి నిర్వహించేనాటికి 19 జట్లకు చేరింది. వెళ్ళిపోయినవాళ్ళను తిట్టకుండా, ఉన్నవాళ్ళకు ఒక వేదిక కట్టడమనే ఆలోచన నాకు నచ్చింది.

దీని మీద మొదటి అభ్యంతరం ఊహించగలను. గట్టివాళ్ళు యూరప్ పోయాక మిగిలినవాళ్ళతో ఆడించేది తాలు గింజల కప్పు కాదా? నేషన్స్ కప్‌కు ఉన్నంత డబ్బు, పేరు దీనికి లేవన్నది ఒప్పుకోవాల్సిందే. కానీ మిగిలినవాళ్ళంతా తాలు అన్న లెక్క తప్పని తేలింది. 2018లో మొరాకోలో జరిగిన చాన్‌లో ఆ దేశపు ఆటగాడు అయూబ్ ఎల్ కాబీ ఒక్కడే 9 గోల్స్ కొట్టాడు. అప్పటికతను బెర్కాన్ పట్టణపు క్లబ్బు ఆటగాడు. 2024 మే నెలలో అతనే ఒలింపియాకోస్ తరఫున యూరోపా కాన్ఫరెన్స్ లీగ్ ఫైనల్లో ఫియొరెంటినా మీద గెలుపు గోల్ కొట్టి, గ్రీసు క్లబ్బులకు మొట్టమొదటి యూరప్ కప్పు తెచ్చాడు. 2009లో తొలి చాన్ గెలిచిన కాంగో ప్రజాస్వామ్య రిపబ్లిక్ జట్టుకు ట్రెసర్ ఎంపుటు, గోలీ కిడియాబా వంటి టీపీ మజెంబే ఆటగాళ్ళు బలం. మరుసటి ఏడాది ఆ మజెంబేనే ప్రపంచ క్లబ్ కప్ సెమీఫైనల్లో బ్రెజిల్ క్లబ్బు ఇంటర్నాసియొనాల్‌ను 2-0తో ఓడించి ఫైనల్ చేరింది. యూరప్, దక్షిణ అమెరికా ఖండాల బయటి క్లబ్బు అంతదూరం రావడం అదే తొలిసారి. అంతర్యుద్ధపు గాయాలు ఆరని లిబియా 2014లో ఘానాను పెనాల్టీల్లో ఓడించి కప్పెత్తుకుంది. దక్షిణ భాగం కరువుతో అల్లాడిన మడగాస్కర్ 2025లో ఫైనల్ దాకా వచ్చి మొరాకో చేతిలో 2-3తో మాత్రమే ఓడింది. చూసేవాళ్ళు లేనంతవరకే వీళ్ళు రెండోరకం. వేదిక దొరకగానే మొదటి వరసలోకి వచ్చారు.

అంత దూరం పోనక్కర్లేదంటే తెలుగు నేల మీదే ఇంకో సాక్ష్యం చూపిస్తాను. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. దాని కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ చేతికిందే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956-57, 1957-58లలో హైదరాబాద్, 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలుచుకున్నాయి. ఇదంతా పైనుంచి ఊడిపడలేదు. రహీమ్ స్థానిక కుర్రాళ్ళకు రకరకాల పోటీలు పెట్టేవాడు. బంతిని కాలి దగ్గర అట్టిపెట్టుకోకూడదని ఒక పోటీ, అలవాటులేని కాలితోనే తన్నాలని ఒక పోటీ. అప్పుడూ వలస ఉంది. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్ కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్‌కు ఆడాడు. ఒకడు వెళ్తే ఇంకొకణ్ణి తయారుచేసే పోటీలు ఊళ్ళో ఉన్నంతకాలం నష్టం కనిపించలేదు. 1963లో రహీమ్ పోయాడు, క్రమంగా ఆ పోటీల సందడీ తగ్గింది. 1965-66 తర్వాత సంతోష్ ట్రోఫీ మళ్ళీ తెలుగువాళ్ళ గడప తొక్కలేదు. ఆ లోటును డబ్బున్న ఫ్రాంచైజీ పూడుస్తుందన్న ఆశా ఒకటి పుట్టింది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఇండియన్ సూపర్ లీగ్ ఛాంపియన్ అయింది. 2025లో ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. జట్టును బస్సెక్కించి తీసుకుపోవచ్చు. వంద పల్లెలు ఆడే లీగును ఎవరూ ఎక్కడికీ తీసుకుపోలేరు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఒకటుంది. 2022 ప్రపంచకప్ సెమీఫైనల్ చేరిన మొరాకో జట్టులోని 26 మందిలో 14 మంది విదేశాల్లో పుట్టినవాళ్ళు. వానలే లేక ఎండిపోయే కేప్ వెర్డె దీవుల దేశం, ఐదు లక్షల పైచిలుకు జనంతో, 2026 ప్రపంచకప్‌కు అర్హత సాధించింది. ఆ జట్టులోనూ నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్ వంటి నగరాల్లో పుట్టి పెరిగినవాళ్ళున్నారు. కాబట్టి కరువు నేలకు దారి చూపేది వలసేనని, ఉన్నవాళ్ళ కోసం డబ్బు తగలెయ్యడం దండగని అనవచ్చు. కానీ రాటర్‌డామ్‌లో పెరిగిన కుర్రాడు ఊరికే ఆటగాడైపోలేదు. అక్కడ ప్రతి పేటకూ ఒక క్లబ్బు, ప్రతి వయసుకూ ఒక లీగు, ప్రతి శనివారానికీ ఒక మ్యాచ్ ఉన్నాయి. అంటే అతను కూడా తాను ఉన్నచోట ఏర్పాటైన పోటీలోనే తయారయ్యాడు. మొరాకో కూడా సొంత లీగులో ఉన్నవాళ్ళ దారిని వదల్లేదు. 2018, 2021, 2025లలో జరిగిన చాన్ కప్పులు మూడూ దానివే. బెంగళూరులో భవనాల దగ్గర రేకుల షెడ్డులో పెరిగే అనంతపురం బిడ్డకు రాటర్‌డామ్ లాంటి ఏర్పాటు ఎదురుచూడటం లేదు. వలసలోనూ దొరకనిది, ఊళ్ళోనూ లేకపోతే ఆ పిల్లకు ఆట ఎక్కడ దొరుకుతుంది?

మూడో మాట ఇక్కడివాళ్ళే అంటారు. తాగే నీళ్ళకు తంటాలు పడేచోట మైదానాల గోలేమిటని. నీళ్ళు కావలసింది పచ్చగడ్డి మైదానానికి. నా బయలుకు ఏరిపారేసే రాళ్ళు, గీతలకు సున్నం, ఒక ఈల, ఒక బంతి చాలు. ఎర్రగరుసు మీద పడితే మోకాళ్ళు చెక్కుకుపోతాయన్నది నిజం. వాన పడిన మర్నాడు నేల చదును చేసి రోలరు తిప్పితే చాలావరకు సర్దుకుంటుంది. ఆటకు ఈ నేల పనికొస్తుందని రుజువు కూడా జిల్లాలోనే ఉంది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, అందరూ ఆర్డీటీ అనేది, చెరువులు, ఆసుపత్రులు, బళ్ళతో పాటు క్రీడాగ్రామం కట్టింది. అక్కడ క్రికెట్, హాకీ, టెన్నిస్‌తో పాటు ఫుట్‌బాల్ ఆడపిల్లలకూ మగపిల్లలకూ నేర్పుతారు. పల్లెల్లో ఆటకు స్పెయిన్ లా లిగా ఫౌండేషన్ చేయి కలిపింది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచులు ఆ మైదానంలోనే జరిగాయి. నీళ్ళ పని చేసిన చేతులే మైదానాన్నీ కట్టాయి. కనుక ఒకటి పెడితే రెండోది పోతుందన్న భయానికి ఆధారం లేదు. నాకున్న భయం వేరు. రహీమ్ ఒక్కడి మీద నిలిచిన హైదరాబాద్‌కు ఏమైందో చూశాం. ఎంత మంచి సంస్థ అయినా ఒక్కదాని భుజం మీదే జిల్లా ఆటంతా మోపకూడదు. బళ్ళు, పంచాయతీలు, మండలాలు తలా ఒక చెయ్యి వేస్తేనే అది పదేళ్ళు నడుస్తుంది.

అందుకే నేను అడిగేది పెద్ద స్టేడియం కాదు, ఒక తేదీల పట్టిక. చాన్ నిబంధననే మండలానికి కుదించుకోవచ్చు. ఆ మండలంలో ఉంటూ, అక్కడే చదువుతున్నవాళ్ళకే చోటు, పక్క జిల్లా నుంచి అరువు ఆటగాళ్ళు కూడదు. పదకొండు మంది దొరకని ఊళ్ళకు ఏడుగురి జట్లు చాలు. ఆడపిల్లలకు విడిగా లీగు, అదే రోజు, అదే మైదానంలో. పోటీ శెనక్కాయ పీకడం అయ్యాక డిసెంబరులో మొదలై ఎండలు ముదరకముందే, ఫిబ్రవరిలో ముగియాలి. సరిగ్గా అమ్మానాన్నలు ఊళ్ళో లేని నెలలవి. అవ్వల దగ్గర, హాస్టళ్ళలో మిగిలిన పిల్లల కోసం పెద్దలు ఏర్పాటు చేసేవి తక్కువగా ఉండే నెలలు కూడా అవే. ఇది వలసను ఆపుతుందని నేననను. గోల్ కొడితే వాన రాదు, కూలి పెరగదు. కానీ వెళ్ళేవాళ్ళలో ఆట తెలిసినవాడు ఎవరో తేలాలన్నా, ఉండేవాళ్ళు ఈ ఊరికి పనికిరాక మిగల్లేదని వాళ్ళకే తెలియాలన్నా, వారం వారం ఎదుటి జట్టు రావాలి. ఆఫ్రికా ఖండం మొత్తానికి చేయగలిగిన పనిని ఒక మండలం తన పదిహేను ఊళ్ళకు చేయలేకపోవడానికి కరువు కారణం కాదు. ఈ డిసెంబరుకు తేదీలు రాసి బడిగోడకు అంటిస్తే మొదటి ఏడాది పని సగం అయినట్టే.