బ్రాకెట్లో కాటన్ దొర

గోదావరి డెల్టా మీద పీహెచ్‌డీ చేస్తున్నారా? ఆయ్, శుభం! ధవళేశ్వరం దాకా రావక్కర్లేదు. ప్రతి పేరా చివర (కాటన్, 1852) అని తగిలించండి, పనైపోతుంది. 1852 దొరగారు అక్కడ కట్టించిన ఆనకట్ట పూర్తయిన ఏడనీ, ఆయన నివేదికలు 1844, 1845 నాటివనీ అడిగేవాడెవడు? రాతికట్టను చదివి సారాంశం రాసిన తొలి పరిశోధకులు మీరే అవుతారు.

ఇంకాస్త బరువు కావాలంటే (వాల్ష్, 1896) ఉండనే ఉన్నాడు. డెల్టా ఇంజనీరింగ్ పనుల మీద పుస్తకమే రాసిన పెద్దమనిషి. అందులో ఏ పేజీ? అక్కర్లేదండి. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ పద్ధతిలో మాటకు మాట ఎత్తితేనే పేజీ నెంబరు తప్పనిసరి. సొంత మాటల్లో చెబితే పేరూ ఏడూ చాలు. మనవాళ్లకు సొంత మాటలు రాకపోయినా ఈ మినహాయింపు మాత్రం కంఠతా వచ్చు. వాల్ష్‌ను చదివినవాడొకడు. వాడి థీసిస్ చూసి ఒకడు, వీడిది చూసి ఇంకొకడు. ఆఖరివాడికి చేరేసరికి అచ్చుతప్పు కూడా పిత్రార్జితమే.

ఇప్పటి 175 గేట్ల బ్యారేజీ 1982లో పూర్తయింది. దాని నీటిలెక్కకూ కాటన్‌నే సాక్ష్యానికి లాగండి, మరేం ఫరవాలేదు. ఆయన 1899లో పోయారంతే.

యూజీసీ భయమా? 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. పైగా సాఫ్ట్‌వేర్ పట్టేది ఎత్తిరాతను. బ్రాకెట్లోని మనిషి ఆ మాట నిజంగా అన్నాడా లేదా అన్నది దానికి పట్టదు. కాపీకి వణికేవాళ్లు దొంగసాక్ష్యానికి జంకకపోవడం అందుకే.

కాటన్‌కు కుడిభుజంగా నిలిచి ఆనకట్ట పని నడిపించిన వీణం వీరన్నకు మాత్రం బ్రాకెట్ దక్కదు. ఆయన పుస్తకం రాయలేదు మరి! కాలవగట్టు మీద మాటవరసకు తూము గుట్టంతా విప్పిన లస్కరు పేపర్లో ‘క్షేత్ర పరిశీలన’ అయిపోతాడు. వ్యక్తిగత సంభాషణ అని రాసి, చెప్పినవాడి పేరూ తేదీ వేసే వెసులుబాటు అదే అమెరికా పద్ధతిలో ఉంది. విదేశీ ప్రొఫెసరు పేరు పొల్లు పోకుండా రాసే చేతికి, లస్కరుకీ ఇంటిపేరుంటుందని తోచదు.

మూలం లేనిది రాయనని ఒట్టేసుకున్న వ్యాఖ్యాత మల్లినాథసూరి మెదక్ సీమ తెలుగువాడే. పాపం, ఆయన డాక్టరేటు లేకుండానే పోయాడు.

గైడు గార్లకు ఒక్క మనవి. వైవా రోజున టీ, జీడిపప్పు వచ్చేలోగా, థీసిస్‌లో ఏదో ఒక బ్రాకెట్ మీద వేలు పెట్టి, “ఇది ఎన్నో పేజీ బాబూ?” అని అడగండి.