నోరున్నవాడిదే డ్రైవరు

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఈ సామెతకు కంప్యూటర్ లోకంలో సాక్ష్యం కావాలంటే లైనక్స్‌ను పిలవాలి. 1991లో హెల్సింకిలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ దాని గుండెకాయ అయిన కెర్నెల్ రాసింది ఇంటెల్ 386 చిప్పున్న పీసీ మీద, ఆ చిప్పు కోసమే. 2012 డిసెంబరులో ఆ 386నే కెర్నెల్లోంచి సాగనంపారు. దాని కోసం మోస్తున్న అతుకులు మిగతా పనికి అడ్డొస్తున్నాయట. లైనస్ కంట తడేమీ పెట్టలేదు. పీడ విరగడైందన్నాడు.

అయినా ఈ లైనక్స్ వాళ్లమీద నాకు కోపం రాదు. తీసేసేలోపు 21 ఏళ్లు పోషించారు కదా! మా ఇంట్లో స్కానర్‌ను కన్న కంపెనీ అందులో సగం కాలం కూడా సాకలేదు. కొత్త విండోస్‌తో దాన్ని మాట్లాడించే ప్రోగ్రాం, అదే డ్రైవరు, లేదు, కొత్త స్కానర్ కొనుక్కోమంది. దీపం వెలుగుతోంది, అద్దం మీద గీతైనా లేదు, కానీ కాగితాల ప్రకారం చచ్చిపోయింది.

"ఏవండీ, పాత సామాన్లవాడికి వేసేస్తే ఉల్లిపాయలైనా వస్తాయి" అంది మా ఆవిడ.

లైనక్స్ ఉన్న లాప్‌టాప్‌కి తగిలించాను. స్కానర్లకు డ్రైవర్లు సమకూర్చే 'సేన్' అనే ప్రాజెక్టు జాబితాలో దాని పేరుంది! ఇలాంటి వాటికి చాలాసార్లు కంపెనీ కాగితం ముక్క కూడా ఇవ్వదు. ఎవరో ఓపికమంతులు యూఎస్‌బీ తీగలో నడిచే సంభాషణను చాటుగా విని, అర్థం చేసుకుని డ్రైవరు రాస్తారు. స్కానర్ లేచి కూర్చుంది. ఉల్లిపాయలు మాత్రం డబ్బు పెట్టి కొనాల్సి వచ్చింది.

ప్రింటర్లలో విచిత్రాలు ఇంకా ఎక్కువ. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ఉంది చూశారూ, దానికి జ్ఞాపకశక్తి శూన్యం. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటరే ఫర్మ్‌వేర్ పంపించి "నాయనా, నువ్వు ప్రింటర్‌వి" అని గుర్తు చేయాలి. ఆ బోధ చేయడానికి కూడా బయటివాళ్లు ఉచితంగా డ్రైవరు రాసిపెట్టారు. అసలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి ఒక కారణం ప్రింటరే. జిరాక్స్ ప్రింటర్ డ్రైవరు సోర్సు చేతికి రాక ఎంఐటీలో రిచర్డ్ స్టాల్‌మన్ మండిపడ్డాడు. 1983లో ఆ ఉద్యమానికి నాంది పలికిన గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. కాగితం ఇరుక్కుంటే మనం తిట్టుకుని ఊరుకుంటాం, అంతే తేడా.

మరి పాత డ్రైవర్లన్నీ కెర్నెల్లోనే ఉంచేస్తే ఏం పోయింది? పోతుంది. కెర్నెల్ లోపలి పద్ధతులు తరచూ మారుతుంటాయి. మార్చినవాడే వాటిని వాడుకునే డ్రైవర్లన్నీ సవరించాలి. అందులో సగం పరికరాలను ఆ పిల్లాడు ఫొటోలో కూడా చూసి ఉండడు. కంపైలయితే చాలు దేవుడా అని దండం పెట్టుకుంటాడు. 2019లో ఫ్లాపీ డ్రైవరుకు ఇదే గతి పట్టింది. చూసుకునే ఆయన దగ్గరే పనిచేసే ఫ్లాపీ లేకుండా పోయింది. దాన్ని అధికారికంగా 'అనాథ' అని రాసేశారు. నిజం ఫ్లాపీలు దొరక్కపోయినా వర్చువల్ యంత్రాల్లో ఉత్తుత్తి ఫ్లాపీలు తిరుగుతూనే ఉన్నాయి కాబట్టి తీసేయలేదు. తర్వాత ఇంకొకాయన దత్తత తీసుకున్నాడు.

వయసును బట్టి, ఖరీదును బట్టి ఇక్కడ ఆయుష్షు ఉండదు. ఇంటెల్, హెచ్‌పీ కలిసి కోట్లు పోసి పెంచిన ఇటేనియం చిప్పు 2001లో పుట్టింది. 2024 జనవరిలో వచ్చిన 6.7 కెర్నెల్లో దానికి చోటు లేదు. అమిగా కంప్యూటర్లు చేసిన కొమొడోర్ కంపెనీయేమో 1994లోనే దివాలా తీసింది. అమిగాకు మాత్రం కెర్నెల్లో చోటు పోలేదు. అమిగాను దుమ్ము దులిపి, కొత్త కెర్నెల్ ఎక్కించి, పనిచేయకపోతే గోల పెట్టే మొండివాళ్లున్నారు. ఇటేనియం కోసం గొంతెత్తేవాళ్లు పిడికెడు మందే మిగిలారు.

కాబట్టి అయ్యా, అమ్మా, మీ అటక మీద లైనక్స్‌తో నడిచే పాత సరుకేదైనా ఉంటే అప్పుడప్పుడూ దించి కొత్త కెర్నెల్‌తో నడపండి. నడవకపోతే మొహమాటపడకుండా ఫిర్యాదు రాయండి. మీరు నోరు మెదపకపోతే అది ఎవరికీ అక్కర్లేదనే వాళ్లు అనుకుంటారు.